ప్రామాణిక బొటనవేలు

ఆ ఏడు గానుగలు తిరగడం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: చింతలగెడ్డ బెల్లం మార్కెట్లో నాన్ననాటి నుంచి నడుస్తున్న కొట్టు, దానికి మార్కెట్ కమిటీ ఇచ్చిన లైసెన్సు, నా మాట మీద సరుకు దింపే రైతులు కొందరు, కుడిచేతి బొటనవేలు. మొదటి మూడూ నాలుగోదాన్ని నమ్ముకుని బతుకుతున్నవే.

మా వ్యాపారం సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. రైతు దిమ్మలు తెచ్చి యార్డులో వరసగా పేరుస్తాడు. కొనేవాడు వంగి దిమ్మ అంచు మీద బొటనవేలితో ఒక నొక్కు నొక్కుతాడు. వేలే వెనక్కి వంగితే మొదటి రకం. చర్మం ముద్ర పడితే రెండో రకం. గోరు దాకా దిగితే మూడో రకం. ధర అక్కడే తేలిపోతుంది. ఏ యంత్రమూ లేదు, ఏ పరీక్షా లేదు. తాతల కాలం నుంచి చింతలగెడ్డ బెల్లానికి బొటనవేలే కొలత.

ఆ కొలత మీద మా ప్రత్యేకాధికారి త్రిలోచనరావుగారి చూపు పడింది.

కారణం చిన్నదే. రాజధానిలో జరిగిన ఒక సభలో మా మార్కెట్ కమిటీకి ఇత్తడి జ్ఞాపిక ఇచ్చారు. త్రిలోచనరావుగారు అందుకున్నారు. అందుకున్నది జారి పై అధికారి పాదం మీద పడింది. ఆ పక్కనే కూర్చున్న వ్యాయామ నిపుణుడొకాయన ఓదార్పుగా, "తప్పు మీది కాదండీ, చేతి పట్టులో సగం బలం బొటనవేలిది. దానికి శిక్షణ లేక దేశమంతా ఇలాగే ఉంది," అన్నాడట. మామూలు మనిషైతే ఇంటికొచ్చి ఆ మాట మరిచిపోతాడు. ఈయన తిరిగొచ్చేసరికి సర్క్యులర్ రాసుకొచ్చారు.

మమ్మల్నందరినీ వేలంపాట షెడ్డులో కూర్చోబెట్టి ఆయనే స్వయంగా చదివారు.

"ఇందుమూలముగా సమస్త లైసెన్సుదారులకు తెలియజేయడమేమనగా, వాణిజ్యమునకు మూలము పట్టు. పట్టునకు మూలము అంగుష్ఠము. మన యార్డునందు అంగుష్ఠములు తరతరములుగా నిర్లక్ష్యమునకు గురియై యున్నవి. కావున ప్రతి లైసెన్సుదారుడును అంగుష్ఠ శిక్షణ పొంది, నిర్ణీత బలము కలిగి యున్నట్లు ధ్రువపత్రము సమర్పించవలెను. అట్లు సమర్పించనివారి లైసెన్సు ఉగాది నుండి రద్దు కాగలదు."

చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, "సందేహాలుంటే అడగవచ్చు," అన్నారు.

నా పక్కన కూర్చున్న బొడ్డేడ గంగరాజు లేచాడు. నాకు ఎదురుకొట్టు వాడు, మనిషి ఎద్దంత ఉంటాడు. "బాబూ, మరి కాలి బొటనేలు కూడానేటండి?"

"ఆ అంశం పరిశీలనలో ఉంది," అన్నారు త్రిలోచనరావుగారు, రాసుకుంటూ.

నాకూ ఒక సందేహం కలిగింది. ఏ చేతి బొటనవేలు అన్నది సర్క్యులర్‌లో లేదు. నేను అడగలేదు. అధికారిని ఒక ప్రశ్న అడిగితే ఇంకో సర్క్యులర్ పుడుతుంది. దాని ఖర్చు అడిగినవాడిదే.

*

వారం తిరక్కుండా నగరం నుంచి ఋత్విక్ అనే కోచ్ దిగాడు. సన్నగా, పొట్టి నిక్కరుతో, సంచి నిండా రబ్బరు బంతులూ స్ప్రింగులూ వేసుకుని వచ్చాడు. పొద్దున్నే పంచెలు ఎగగట్టుకుని యార్డులో వరసగా నిలబడేవాళ్ళం. బంతి నొక్కాలి. తడి తువ్వాలు పిండాలి. ఇసుకమూటను బొటనవేలికి కట్టుకుని పైకెత్తాలి. ఆఖరున దిమ్మను ఒక పక్క బొటనవేలితో, ఇంకో పక్క నాలుగు వేళ్ళతో పట్టుకుని, చంకలో పెట్టుకోకుండా, షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకు నడవాలి. చివర్లో అందరం బొటనవేళ్ళు ఆకాశానికి చూపించి లోపలికి గాలి పీల్చాలి. రోడ్డు మీద వెళ్ళే బస్సులో జనం మేము దేన్నో మెచ్చుకుంటున్నామనుకుని కిటికీల్లోంచి వాళ్ళూ బొటనవేళ్ళు చూపించి వెళ్ళేవారు.

"బాబాయ్‌గారూ, బొటనవేలు లేకపోతే మనిషి చెయ్యి కొక్కెంతో సమానం. గట్టిగా నొక్కండి," అనేవాడు ఋత్విక్. పిల్లవాడు మంచివాడు. చెప్పింది నిజమే కూడా. చిక్కేమిటంటే, నిజాన్ని బెల్లం మార్కెట్లో చెప్పాడు.

మొదటి పదిరోజులు బద్ధకించి నేను మూల నిలబడి ఊరికే చేతులాడించాను. గంగరాజు మాత్రం దీక్షగా చేశాడు. ఇంటి దగ్గర కూడా బియ్యం బస్తా బొటనవేలితో ఎత్తుతున్నాడని వాళ్ళావిడ పైడమ్మతో చెప్పిందట. పైడమ్మ నా ఇల్లాలు.

ఆ రోజుల్లోనే ఎర్రునాయుడు సరుకు తెచ్చాడు. ఎర్రునాయుడు చింతలగెడ్డకు పైనున్న మెట్ట రైతు. పెనం దగ్గర తనే నిలబడి పాకం చూసుకుంటాడు. అతని దిమ్మ మీద నా వేలు ఏనాడూ ముద్ర వెయ్యలేదు. ఆ రోజు ముందు గంగరాజు వంగాడు. నొక్కాడు. గోరు దిగిపోయింది.

"మూడో రకం నాయుడూ," అన్నాడు గంగరాజు, వేలు చీకుతూ.

ఎర్రునాయుడు అతని మొహం కేసి చూశాడు. "నా బెల్లం మూడో రకమేటి బాబూ? మా అయ్య నాటినుంచి అయినాదా ఎప్పుడన్నా?"

"నానేటి సేత్తాను? ఏలు దిగిపోనాది. సూసుకో."

"ఏలు దిగినాదా, నువ్వు దింపినావా?"

"నాను రోజూ నొక్కినట్టే నొక్కినాను," అన్నాడు గంగరాజు. అబద్ధం కాదు. అతని లెక్కలో అతను మామూలుగానే నొక్కాడు. పక్కన ఇంకో ఇద్దరు వచ్చి నొక్కారు. వాళ్ళకీ దిగింది. ఎర్రునాయుడు దిమ్మల అంచులన్నీ చిల్లులు పడి, ఎవరో కొరికి పెట్టినట్టున్నాయి.

అప్పుడు నేను వంగి నొక్కాను. నా వేలు వెనక్కి వంగింది.

లోపల లెక్క వేసుకున్నాను. యార్డులో వేళ్ళన్నీ బలుస్తున్నాయి. బెల్లం మాత్రం ఎప్పటిలాగే ఉంది. అందువల్ల రేపట్నుంచి మంచి సరుకంతా మూడో రకం అయి కూర్చుంటుంది. అది మొదటి రకమని తెలిసేది, శిక్షణ తగలని వేలు ఉన్నవాడికి మాత్రమే. అలాంటి వేలు నాకొక్కడికే మిగిలింది, అది కూడా బద్ధకం పుణ్యాన.

"నాయుడూ, రెండో రకం కింద నేను తీసుకుంటాను," అన్నాను.

"అదేటి సావుకారూ, నీకు దిగనేదు కదా?"

"దిగలేదని నేనొక్కణ్ణే అంటే యార్డు ఒప్పుకుంటుందా? మూడుకీ ఒకటికీ మధ్య రెండు. నీకూ నాకూ మధ్య న్యాయం."

అతను తల గోక్కుని ఇచ్చేశాడు. కృతజ్ఞత కూడా చెప్పాడు. ఆ మాటను నేను లాభంలో కలుపుకోలేదు. అంత మాత్రం నీతి నాకూ ఉంది.

ఆ రోజు నుంచి నేను కూడా వ్యాయామంలో ముందు వరసలో నిలబడ్డాను. ఎడమచేత్తో. బంతి ఎడమ, తువ్వాలు ఎడమ, ఇసుకమూట ఎడమ. ఋత్విక్ చూసి, "బాబాయ్‌గారు ఎడంచేతి వాటమా?" అన్నాడు. "ఈ మధ్యనే మొదలైంది," అన్నాను.

పరీక్ష రోజున యంత్రం మీద ఎడమ బొటనవేలు పెట్టి నొక్కాను. ముల్లు గీత దాటింది. ధ్రువపత్రం చేతికొచ్చింది. దాన్ని తెచ్చి కొట్లో లైసెన్సు పక్కన తగిలించాను. ఆ నెలంతా నా కొట్టుకు లాభం ఒరిగినట్టు నాన్న కాలంలో కూడా ఒరగలేదు.

*

కానీ ఇలాంటి లాభానికి ఒక గుణం ఉంది. అది ఒక్కడి దగ్గరే ఉన్నంతసేపు వ్యాపారం. పదిమంది కంట పడితే సమస్య. సమస్య అయితే కమిటీది.

త్రిలోచనరావుగారు నెలసరి పట్టిక చూశారు. యార్డుకొచ్చిన బెల్లంలో మొదటి రకం దాదాపు లేదు. ఆయన రైతులనూ వర్తకులనూ ఒకచోట చేర్చారు.

"శిక్షణకు పూర్వము మన బెల్లములోని బలహీనత మన దృష్టికి రాలేదు. కారణమేమి? మన వేళ్ళు కూడా బలహీనముగా నుండుటయే. శిక్షణానంతరము సత్యము బయల్పడినది. ఇది పథకము యొక్క ప్రథమ విజయము," అన్నారు.

ఎర్రునాయుడు లేచాడు. "బాబూ, ఏలు బలిసినాదండి. బెల్లం అలగే ఉన్నాది."

"సరిగ్గా అదే మేము చెప్పేది నాయుడుగారూ. వేలు పురోగమించింది. బెల్లం పురోగమించలేదు. లోపం ఎవరిది?"

ఎర్రునాయుడు నావైపు తిరిగి, "లోపం నాదేనేటి సావుకారూ?" అని గొంతు తగ్గించి అడిగాడు. నేను పైకప్పు రేకులు చూశాను.

కొత్త సర్క్యులర్ వచ్చింది. శిక్షిత అంగుష్ఠమునకు లొంగని బెల్లమే ఇకపై బెల్లము. రైతులు ఏం చేస్తారు? పాకం ముదరబెట్టారు. ఇంకా ముదరబెట్టారు. సున్నం నీళ్ళు పోశారు. కొందరు పెనం దింపడమే మానేసి ఎదురుచూశారు. దిమ్మలు నల్లబడి ఇనుములా తయారయ్యాయి. గంగరాజు నొక్కితే వేలు వెనక్కి వంగింది. యార్డంతా చప్పట్లు కొట్టారు. ఆ దిమ్మ మీద నేను నా కుడి వేలు పెట్టి చూశాను. బెల్లం మీద పెట్టినట్టు లేదు, గేటు మీద పెట్టినట్టుంది.

ఆ సరుకు లారీల్లో ఊళ్ళకు వెళ్ళింది. పక్క జిల్లా మిఠాయి వ్యాపారి ఒకాయన దాన్ని గొడ్డలితో కొట్టించాడు. పిడి విరిగింది. దిమ్మను మోయించుకుని నేరుగా త్రిలోచనరావుగారి గదికి వచ్చి బల్ల మీద పెట్టించాడు. బల్ల మీద అద్దం పగిలింది.

"ఏమండీ, ఇది దేనికి పనికొస్తుందో చెప్పండి, దానికి వాడుకుంటాను," అన్నాడు ఆయన.

"ఇది అగ్రశ్రేణి సరుకు."

"అరిసెలకు పాకం కట్టాలండీ. పొయ్యి ఆరిపోతోంది కాని ఇది కరగడం లేదు. మా కొట్టుకొచ్చిన ముసలాయన ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. బయటికి రెండు వచ్చాయి. ఒకటి బెల్లం."

త్రిలోచనరావుగారు అద్దం ముక్కలు ఒక పక్కకు జరిపారు. ఆ రోజు నేను రసీదు పని మీద అక్కడే ఉన్నాను కాబట్టి ఈ మాటలు స్వయంగా విన్నాను. "వర్తకులకు శిక్షణ ఇచ్చాం. రైతులకు శిక్షణ ఇచ్చాం. వినియోగదారుణ్ణి వదిలేశాం," అన్నారు. "దవడలకు కూడా ఒక కార్యక్రమం రూపొందించాలి."

మిఠాయి వ్యాపారి నా కేసి చూశాడు. నేను రసీదు చూసుకున్నాను. ఆయన దిమ్మను అక్కడే వదిలేసి పోయాడు. దాన్ని కిందికి దించడానికి నలుగురు కావలసి వచ్చారు.

దవడల పథకం పైకి వెళ్ళింది. పైనుంచి అధికారి ఒకాయన దిగాడు. వెనక జ్ఞాపిక పడిన పాదం ఆయనదే. కొద్దిగా కుంటుతూ యార్డంతా తిరిగి, ఒకే ప్రశ్న వేశాడు.

"తూకానికి ప్రామాణిక రాయి ఉంటుంది. మీ దగ్గర కొలత బొటనవేలు కదా, ప్రామాణిక బొటనవేలు ఏది?"

అందరి వేళ్ళూ పంచెల మడతల్లోకి పోయాయి.

"శిక్షణకు ముందున్న స్థితిలో ఉన్న వేలు ఒక్కటైనా కావాలి. రైతు ఏ బెల్లం వండాలో దానితో తేల్చాలి. నిబంధనల ప్రకారం యార్డులో లైసెన్సుదారుడే బెల్లం నొక్కాలి కాబట్టి అది లైసెన్సుదారుడి వేలై ఉండాలి. వారంలోగా చూపించండి. లేదా యార్డు మూసేస్తాం."

వెంటనే త్రిలోచనరావుగారు అలాంటి వేలు కోసం లైసెన్సుదారులందరినీ వారంలోగా తిరిగి పరీక్షకు రమ్మన్నారు. ఈసారి సర్క్యులర్‌లో స్పష్టంగా రాశారు: కుడిచేయి.

*

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని కుడి బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాను. పైడమ్మ చింతపండు ఒలుస్తూ చూసింది.

"ఏటయ్యా, అలగున్నావు?"

చెప్పాను. కుడి వేలు యంత్రం మీద పెడితే ముల్లు లేవదు. శిక్షణ తప్పించుకున్నట్టు బయటపడుతుంది. ధ్రువపత్రం దొంగదవుతుంది. లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే నాన్న పెట్టిన కొట్టు పోతుంది. పోనీ ఈ వారం రోజులూ కుడి వేలును సాము చేయించి పాస్ అయితే లైసెన్సు దక్కుతుంది. కాని వేలు పాడవుతుంది. యార్డు ఎలాగూ మూతపడుతుంది.

"అంటే సెయ్యి సూపితే నీ కొట్టు పోద్ది. సూపకపోతే అందరి కొట్లూ పోతాయి," అంది పైడమ్మ.

"అంతే."

"మరింకేటి. ఒకటే కొట్టు పోడం నయం కాదేటి?"

"ఆ ఒకటీ నాది కదే."

"ఎర్రునాయుడి బెల్లం రెండో రకం కింద కొన్నప్పుడు తెలీనేదా ఎవులిదో?" అని చింతపండు గింజ ఒకటి చాటలో పడేసింది. ఇంట్లో అంత ధర పెట్టి మాట్లాడే మనిషి ఉంటే బయట బేరాలు తేలికగానే ఉంటాయి.

వారం దాకా ఆగకుండా తెల్లారే వెళ్ళి యంత్రం మీద కుడి వేలు పెట్టాను. నొక్కాను. ముల్లు కదిలీ కదలనట్టు కదిలి ఊరుకుంది.

"జగ్గప్పారావుగారూ," అన్నారు త్రిలోచనరావుగారు, "మీరు శిక్షణ పొందలేదు."

"పొందానండి. ఎడమది."

"ఇది ఉల్లంఘన. లైసెన్సు రద్దు చేయాలి." కలం తీశారు. తీసి ఆగారు. "కాని రద్దు చేస్తే మీరు లైసెన్సుదారు కారు. లైసెన్సుదారు కాని వేలు ప్రామాణికానికి పనికిరాదు." కలం మూశారు. మళ్ళీ తీశారు. "రద్దు చేయకపోతే నిబంధనను గౌరవించనట్టవుతుంది."

గంగరాజు వెనకనుంచి, "బాబూ, ఏలు ఉంచుకుని మనిసిని రద్దు సేసేయండి," అన్నాడు. నవ్వారు అందరూ. త్రిలోచనరావుగారు మాత్రం నవ్వలేదు. ఆయన మొహం వెలిగింది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఉల్లంఘన ఎడమచేతి ద్వారా జరిగినది. అర్హత కుడిచేతికి గలదు. కావున లైసెన్సుదారుని క్షమించి, అతని దక్షిణ హస్త అంగుష్ఠమును ప్రామాణిక అంగుష్ఠముగా ప్రకటించి, ఇందుమూలముగా కమిటీ స్వాధీనము చేసుకొనడమైనది. సదరు అంగుష్ఠమును అరుగుదల, బలుపు, గాయము మొదలైన వాటి నుండి సంరక్షించు బాధ్యత ధారకునిది.

ధారకుడు అంటే నేను.

మఖమల్ తొడుగు ఒకటి ఇచ్చారు. రోజూ కమిటీ జీపు వచ్చి నన్ను యార్డుకు తీసుకెళుతుంది. తొడుగు తీస్తాను, నొక్కుతాను, రకం చెబుతాను, తొడుగు వేస్తారు. ఎర్రునాయుడి బెల్లం మళ్ళీ మొదటి రకమైంది. రైతులు సున్నం నీళ్ళు మానేశారు. దవడల పథకం ఆగింది. మిఠాయి వ్యాపారి కొనడానికి వచ్చాడు. అంతా బాగుంది.

నేను కొందామని నా కొట్టు తరఫున వేలం పాడబోయాను. త్రిలోచనరావుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరు రకం నిర్ణయించిన సరుకును మీరే కొనడం ధర్మం కాదు."

"యార్డులో సరుకంతా నేనే నిర్ణయిస్తున్నాను కదండి."

"కాబట్టి ఏదీ కొనకూడదు. లైసెన్సు మాత్రం మీదే. నిరభ్యంతరంగా ఉంచుకోండి."

పైడమ్మ ఆ మాట విని కమిటీ ఆఫీసుకు నడిచింది. తన పేరున లైసెన్సు కావాలంది. త్రిలోచనరావుగారు సందేహించారు. "మీరు ప్రామాణిక అంగుష్ఠానికి భార్య కదమ్మా?"

"ఏలు మీదేనని రాసుకున్నారు కదండి బాబూ. మరి నాను ఏలికి పెళ్ళాన్నెలగౌతాను? మిగిలిన మనిసికే."

ఆయన ఉత్తర్వు తీసి రెండుసార్లు చదువుకున్నారు. అంగుష్ఠము కమిటీది, భర్త మాత్రమే ఆమెవాడు, కాబట్టి అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టారు. బలం పరీక్షకు ఆమె యంత్రాన్ని నొక్కింది. ఏళ్ళ తరబడి రుబ్బిన చెయ్యి. ముల్లు చివరికంటా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఋత్విక్ ఆమె కాళ్ళకు మొక్కి ఆ సాయంత్రం బస్సుకే నగరం వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కొట్లో పీట మీద పైడమ్మ కూర్చుంటుంది. ఎర్రునాయుడు సరుకు దింపి, "అమ్మగారు ఒకటో రకాన్ని ఒకటో రకం కిందే కొంటారు," అని నాకు వినపడేలా అంటాడు. నేను కుడిచెయ్యి తొడుగులో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాను. మొదట్లో రెండు రోజులు ఊరికే నిలబడ్డాను. మూడో రోజు పైడమ్మ చూసి, "ఎడం సెయ్యి కాళీయే కదా. దిమ్మలు లోనికి మొయ్యి," అంది.

సంవత్సరాంతం లెక్క ఇదీ. కొట్టు నిలిచింది, నాది కాదు. లైసెన్సు నిలిచింది, పనికిరాదు. కుడి వేలుకు యార్డంతా దండం పెడుతుంది, అన్నం కలుపుకోవడానికి కుదరదు. లాభం వైపు రాసుకోవలసింది ఒక్కటే ఉంది. ఆ ఋత్విక్ చెప్పిన మాట అబద్ధం కాదు. బొటనవేలికి శిక్షణ ఇస్తే పట్టు పెరుగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎడమచేత్తో మోస్తున్నాను, ఇంతవరకూ ఒక్క దిమ్మ జారలేదు.